టెలిఫోను పటమూ, మనిషి మాటా

మానవుల భావ వినిమయాన్ని గురించిన పాఠ్యపుస్తకం ఏది తెరిచినా మొదటి కొద్ది పుటలలోనే ఒక పటం కనిపిస్తుంది. ఎడమ నుండి కుడికి వరుసగా కొన్ని గళ్ళు, వాటిని కలుపుతూ బాణాలు. మొదటి గడిలో మూలం, తరువాత ప్రేషకం, నడుమ మార్గం, దానికి ఆవల గ్రాహకం, చిట్టచివర గమ్యం. మార్గానికి క్రింది నుండి మరొక బాణం వచ్చి గుచ్చుకుంటుంది. దాని పేరు రొద. ఉపాధ్యాయ శిక్షణ తరగతులలోనూ, పత్రికా రచన తరగతులలోనూ, వ్యాపార నిర్వహణ తరగతులలోనూ విద్యార్థులు ఈ పటాన్ని కంఠస్థం చేసి, పరీక్షలో గీసి, మార్కులు తెచ్చుకొంటున్నారు. ఉపాధ్యాయుని మెదడు మూలమనీ, అతని నోరు ప్రేషకమనీ, గాలి మార్గమనీ, విద్యార్థి చెవి గ్రాహకమనీ, విద్యార్థి మెదడు గమ్యమనీ సమన్వయం చెప్పడం ఎంతో సులభం. వీధిలో లారీ పోయిందంటే అది రొద. ఇంత చక్కగా కుదిరిన పటాన్ని శంకించవలసిన అవసరం ఏమున్నది అని ఎవరికైనా తోస్తుంది.

పటం గొప్పదే. కాని దానిని గీసినవాడు మనుషుల సంభాషణను దృష్టిలో పెట్టుకొని గీయలేదు. ఆ సంగతి ఆయన దాచుకోలేదు కూడా. తన వ్యాసం రెండవ పేరాలోనే చెప్పాడు. ఆ పేరాను విడిచి పటాన్ని మాత్రం పట్టుకొన్నవారి మీదనే ఈ విమర్శ.

క్లాడ్ షానన్ అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలలలో పనిచేసిన గణితజ్ఞుడు, ఇంజనీరు. ఆ సంస్థ సాంకేతిక పత్రికలో 1948 జూలై, అక్టోబరు సంచికలలో రెండు భాగాలుగా ఆయన వ్యాసం వెలువడింది. ఆయన ముందున్న సమస్య ఇది: ఒక తీగ ఉన్నది. దానిలో కొంత విద్యుత్ కలవరం తప్పదు. ఆ తీగ గుండా సెకనుకు ఎన్ని సందేశాలను, ఎంత తక్కువ తప్పులతో పంపగలం? 1928లో అదే సంస్థకు చెందిన హార్ట్లీ ఈ దారిలో కొంత దూరం నడిచాడు. షానన్ దానిని పూర్తి చేశాడు. సందేశాలకు అర్థం ఉంటుంది, నిజమే. కాని ఇంజనీరు సమస్యకు ఆ అర్థంతో నిమిత్తం లేదు అన్నాడాయన. సాధ్యమైన అనేక సందేశాలలో నుండి ఒకటి ఎన్నుకోబడింది; ఆ ఎన్నికయే యంత్రానికి ముఖ్యం.

దీనిని తెలుసుకోవడానికి పాత తంతి శుభాకాంక్షలు మంచి ఉదాహరణ. 2013 జూలైలో మన దేశంలో తంతి సేవ ముగిసిపోయింది. అంతకు ముందు తంతి కార్యాలయంలో శుభాకాంక్షల జాబితా ఒకటి ఉండేది. పెళ్ళికి ఒక వాక్యం, పండుగకు ఒకటి, పరీక్షలో గెలుపుకు మరొకటి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంఖ్య. మనం ఎంత పొడవు వాక్యాన్ని ఎన్నుకొన్నా తీగ మీద వెళ్ళేది ఆ సంఖ్య మాత్రమే. జాబితాలో పదహారు వాక్యాలుంటే, వాటిలో ఏది వచ్చిందో తేల్చుకొనడానికి అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నలు నాలుగు చాలు. మొదటి ఎనిమిదిలో ఉన్నదా? ఆ ఎనిమిదిలో మొదటి నాలుగింటిలోనా? ఇట్లా సగానికి సగం కోసుకొంటూ పోతే నాలుగవ ప్రశ్నతో తేలిపోతుంది. అటువంటి ఒక్కొక్క అవును-కాదుకు బిట్టు అని పేరు. ఆ పేరు పెట్టినవాడు టుకీ అనే గణితజ్ఞుడని షానన్ స్వయంగా చెప్పాడు. ఇరవై ప్రశ్నలతో పదిలక్షల నలభై ఎనిమిది వేల పైచిలుకు వస్తువులలో ఒకదానిని పట్టుకోవచ్చు. పిల్లలతో ఈ ఆట ఆడించి చూడండి. లాగరిథమ్ ఎందుకు పనికివస్తుందో వేరే చెప్పనవసరం ఉండదు.

ఇక్కడొక వింత ఫలితం వస్తుంది. ముందుగా ఊహించగలిగిన సందేశంలో సమాచారం తక్కువ, ఊహించలేనిదానిలో ఎక్కువ. అందుచేత కోతి టైపు మిషను మీద గంతులు వేస్తే పడిన అక్షరాల గుంపులో, అదే పొడవు గల మంచి పద్యంలో కన్న ఎక్కువ సమాచారం ఉన్నట్లు లెక్క తేలుతుంది. ఎందుకంటే పద్యంలో తరువాతి అక్షరాన్ని చాలా చోట్ల ఊహించవచ్చు; కోతి వ్రాతలో ఊహించలేము. షానన్ 1951లో ఇంగ్లీషు మీద ఈ ప్రయోగమే చేశాడు. ఇరవై ఆరు అక్షరాలు, పదాల మధ్య ఖాళీ ఒకటి, మొత్తం ఇరవై ఏడు గుర్తులు. అన్నిటికీ సమాన అవకాశం ఉంటే ఒక్కొక్క గుర్తుకు సుమారు 4.75 బిట్లు. కాని ఇంగ్లీషు తెలిసిన మనిషిని ముందు భాగం చదివించి తరువాతి అక్షరాన్ని ఊహించమంటే, చాలాసార్లు మొదటి ప్రయత్నంలోనే చెప్పేస్తాడు. ఆ ఊహల లెక్కను బట్టి చూస్తే అక్షరానికి సుమారు ఒక బిట్టు మాత్రమే తేలింది. మిగిలినదంతా భాష తన నియమాలతో ముందే నిర్ణయించిన మిగులు.

ఈ మిగులు తెలుగులో ఎట్లా పనిచేస్తుందో చూడడం కష్టం కాదు. "నేను వచ్చాను" అన్నప్పుడు నేను అనే సంగతి రెండుసార్లు చెప్పినట్లే: సర్వనామంలో ఒకసారి, క్రియ చివరి ప్రత్యయంలో మరొకసారి. "వచ్చాను" అన్నా చాలు. "మూడు పుస్తకాలు" అన్నప్పుడు మూడు అనగానే ఒకటి కాదని తెలిసింది. అయినా బహువచన ప్రత్యయం చేరుస్తాము. రైలు స్టేషనులో గోల మధ్య ఒక ముక్క వినబడకపోయినా రెండవ ముక్క కాపాడుతుంది. ఇంజనీరు కూడా ఇదే చేస్తాడు. గీతలు పడిన పాటల డిస్కు సరిగా పాడుతున్నదంటే, అందులో పాటకు తోడు తప్పులను సరిదిద్దుకొనే అదనపు అంకెలు కూడా వ్రాసి ఉన్నాయన్న మాట. షానన్ సిద్ధాంతం లేకపోతే మన చేతిలోని సెల్‌ఫోనుకు ఈ రూపం వచ్చి ఉండేది కాదు. ఆయన పటం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదు మాటల మీద. షానన్ వాడిన మాటలు రోజువారీ ఇంగ్లీషు మాటలే కావడం మొదటి చిక్కు. వాటిని తెలుగులోకి తెచ్చినప్పుడు మనం ఆ చిక్కును రెట్టింపు చేసుకొన్నాము. సమాచారం అనే ఒక్క మాటను తీసుకోండి. "ఊళ్ళో సమాచారం ఏమిటి?" అంటే కబురు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టంలో సమాచారమంటే కాగితాలు, దస్త్రాలు, లెక్కలు. సమాచార వ్యవస్థ అన్నప్పుడు టెలిఫోనులు, రేడియోలు. షానన్ సిద్ధాంతంలోనేమో అది ఊహించలేనితనానికి కొలత. నాలుగింటికీ ఒకే మాట పెట్టుకొని, "సమాచారంలో అర్థం లేదు" అని విద్యార్థికి చెబితే వాడు తెల్లమొగం వేయక ఏం చేస్తాడు? భౌతికశాస్త్రంలో పదార్థం వేరు, దాని కొలత వేరు అని తెలియడానికి ద్రవ్యరాశి అన్నాము. అదే పద్ధతిలో షానన్ కొలతను సమాచార రాశి అంటే సగం గందరగోళం పోతుంది.

షానన్ చెప్పిన మిగులును మన పుస్తకాలు కొన్ని పునరుక్తి అంటున్నవి. మన అలంకారశాస్త్రంలో పునరుక్తి దోషం. షానన్‌కు అది రక్షణ. పైగా ఆయన చెప్పినది చెప్పినమాటే మళ్ళీ చెప్పడం ఒక్కటే కాదు, ముందే ఊహించగలిగినదంతా అందులోకి వస్తుంది. కనుక నేను మిగులు అనే వాడుతున్నాను. ఇక రొదకు శబ్దం అని వ్రాసినవారున్నారు. ఇది మరీ అన్యాయం. శబ్దమంటే మనకు మాట కూడాను; మన ప్రసిద్ధ నిఘంటువు పేరే శబ్దరత్నాకరము. మాటను చెడగొట్టేదానికి మాట పేరే పెట్టడం ఎట్లా? పైగా రొద అంటే చెవికి తగిలే గోల అని మాత్రమే అర్థం కాదు. చెమ్మకు చెదిరిన సిరా రొదే, నకలు కాగితం మీది నల్లచుక్క రొదే.

ఈ పటం టెలిఫోను తీగ దిగి మనుషుల మధ్యకు ఎట్లా వచ్చిందంటే, అందులో వారెన్ వీవర్ పాత్ర పెద్దది. షానన్ వ్యాసం 1949లో పుస్తకంగా వచ్చింది. అందులో రాక్‌ఫెల్లర్ ఫౌండేషను వారి వద్ద పనిచేస్తున్న వీవర్ వ్రాసిన వ్యాసం కూడా చేరింది. వినిమయ సమస్యలను ఆయన మూడు మెట్లుగా విడదీశాడు: గుర్తులు సరిగా చేరినవా, చేరిన గుర్తులు ఉద్దేశించిన అర్థాన్ని ఇచ్చినవా, ఆ అర్థం వలన అనుకొన్న ఫలితం కలిగిందా. విభజన ఎంతో స్పష్టం, ఇప్పటికీ పనికివస్తుంది. కాని మొదటి మెట్టు సిద్ధాంతమే పై రెండింటికీ చాలా వరకు వర్తిస్తుందని ఆయన ఆశపడ్డాడు. పటంలో అర్థగ్రాహకం అని మరొక గడి, అర్థరొద అని మరొక బాణం చేరిస్తే చాలునన్నట్లు వ్రాశాడు. ఇక్కడే నేను ఆయనతో ఏకీభవించలేను. గడి గీయడం వివరణ కాదు. తీగ మీది రొదను కొలవడానికి ఒక మార్గమున్నది: పంపిన గుర్తును, వచ్చిన గుర్తును ప్రక్క ప్రక్కన పెట్టి పోల్చవచ్చు. పంపిన అర్థాన్ని, వచ్చిన అర్థాన్ని ఏ బల్ల మీద పెట్టి పోల్చాలి? షానన్ స్వయంగా 1956లో, తన సిద్ధాంతాన్ని ప్రతి శాస్త్రంలోనూ దూర్చుతున్న ఉత్సాహాన్ని హెచ్చరిస్తూ ఒక చిన్న వ్యాసం వ్రాశాడు. మూలపురుషుడే వద్దంటున్నా ఊరేగింపు ఆగలేదు.

1948లోనే రాజనీతి శాస్త్రజ్ఞుడు లాస్‌వెల్, ఎవరు, ఏమి, ఏ సాధనం ద్వారా, ఎవరికి, ఏ ఫలితంతో అనే అయిదు ప్రశ్నలు పెట్టాడు. ప్రచారాన్ని పరిశీలించడానికి అవి చాలును. 1960లో బెర్లో వ్రాసిన పాఠ్యపుస్తకం గడులకు నైపుణ్యం, వైఖరి, సంస్కృతి మొదలైన ఉపశీర్షికలు చేర్చింది. బాణాలు మాత్రం ఎడమ నుండి కుడికే.

ఈ పటం ఎంత చెప్పగలదో, ఎక్కడ ఆగిపోతుందో తెలియడానికి ఒక ఘోరమైన సంఘటనను పరీక్షగా తీసుకొందాం. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె ద్వీపంలో, లాస్ రోడియోస్ విమానాశ్రయంలో, నేల మీదనే రెండు పెద్ద బోయింగ్ 747 విమానాలు ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. ఒకటి డచ్చి వారి కె.ఎల్.ఎం. విమానం, రెండవది అమెరికా వారి పాన్ యామ్ విమానం. పొరుగు ద్వీపపు విమానాశ్రయంలో బాంబు పేలడం వలన రెండూ ఇక్కడికి మళ్ళి వచ్చాయి. దట్టమైన పొగమంచు. కె.ఎల్.ఎం. విమానం రన్‌వే కొసన ఎగరడానికి సిద్ధంగా నిలిచి ఉన్నది. పాన్ యామ్ విమానం అదే రన్‌వే మీద ఇంకా నడుస్తూ ఉన్నది. ఒకదానికి మరొకటి కనబడదు. కంట్రోల్ టవరుకు రెండూ కనబడవు. అందరికీ దిక్కు రేడియో ఒక్కటే.

టవరు వారు కె.ఎల్.ఎం. విమానానికి, ఎగిరిన తరువాత పోవలసిన దారిని గురించిన అనుమతి చెప్పారు. ఆ వాక్యంలో టేకాఫ్ అనే మాట ఉన్నది. సహపైలట్ దానిని తిరిగి అప్పగించి, చివరను మేము ఇప్పుడు టేకాఫ్‌లో ఉన్నాము అన్న అర్థం వచ్చే మాటలు చేర్చాడు. అప్పటికే విమానం కదిలింది. టవరులోని అధికారికి మాత్రం అది ఎగరడానికి సిద్ధంగా నిలిచి ఉన్నామని చెప్పినట్లు తోచింది. ఆయన ఓకే అన్నాడు. ఒక క్షణం ఆగి, ఆగి ఉండండి, నేను పిలుస్తాను అన్నాడు. సరిగా ఆ క్షణానే పాన్ యామ్ వారు మేమింకా రన్‌వే మీదనే ఉన్నామని చెప్పారు. రెండు ప్రసారాలు ఒకే పౌనఃపున్యం మీద ఒకేసారి పడినవి. కె.ఎల్.ఎం. పైలట్లకు ఓకే అన్నది స్పష్టంగా వినిపించింది; తరువాతదంతా ఒక కీచు ధ్వనిలో కలిసిపోయింది.

ఆ కీచు ధ్వని షానన్ చెప్పిన అసలైన రొద. భౌతికశాస్త్ర విద్యార్థులకు అది తెలిసినదే. రెండు వాహక తరంగాల పౌనఃపున్యాలలో కొద్ది తేడా ఉంటే విస్పందనాలు పుడతాయి. ఆ తేడా చెవికి వినబడే మేరలో ఉంటే ఈల వలె వినిపిస్తుంది. దానికి పటంలో చోటున్నది, మందు కూడా ఉన్నది: మళ్ళీ చెప్పించుకోవడం, మిగులు పెంచడం. కాని అంతకు ముందు సహపైలట్ చెప్పిన వాక్యం సంగతి ఏమిటి? అది టవరుకు చేరింది. తీగలో గాని, గాలిలో గాని ఏ కలవరమూ లేదు. గుర్తులు క్షేమంగా చేరిన తరువాత అర్థం రెండుగా చీలింది. వినినవాడు తనకు తెలిసిన పరిస్థితిని బట్టి దానిని అన్వయించుకొన్నాడు. చెప్పినవాడు తన పరిస్థితిని బట్టి చెప్పాడు. దీనికి అర్థరొద అని పేరు పెట్టి బాణం గీస్తే మనకు క్రొత్తగా తెలిసేది ఏమీ లేదు.

మూడవ సంగతి ఇంకా సూక్ష్మమైనది. విమానం పరుగెత్తుతుండగా కె.ఎల్.ఎం. ఫ్లైట్ ఇంజనీరుకు అనుమానం వచ్చింది. ఆ అమెరికా విమానం ఇంకా తప్పుకోలేదేమో అని అడిగాడు. కాప్టెను తప్పుకొన్నదని నొక్కి చెప్పాడు. ఇంజనీరు మరి రెట్టించలేదు. కాప్టెను ఆ సంస్థలో మిక్కిలి పేరుగలవాడు, ఎందరికో శిక్షణ ఇచ్చినవాడు. ఇక్కడ మాట వినబడింది, అర్థమూ అయింది. అయినా దాని బరువు మాట్లాడినవాని హోదాను బట్టి తగ్గిపోయింది. ప్రతి మాటలోనూ విషయం ఒక పాలు, మాట్లాడుకొనేవారి మధ్య సంబంధం మరొక పాలు ఉంటాయని వాట్స్‌లావిక్, ఆయన సహచరులు 1967లో వ్రాశారు. గడులూ బాణాలూ గీసేవారు ఎడమ గడి పెద్దదా, కుడి గడి పెద్దదా అని ఎన్నడూ చూడలేదు.

ఆ ప్రమాదం తరువాత చేసిన మార్పులు చూడండి. టేకాఫ్ అనే మాటను ఎగరడానికి నిజంగా అనుమతి ఇచ్చేటప్పుడు, ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడు మాత్రమే వాడాలన్నారు. మిగిలిన చోట్ల దానికి బదులు వేరే మాట వచ్చింది. ముఖ్యమైన ఆజ్ఞలకు ఓకే అంటే చాలదు, తిరిగి అప్పగించాలన్నారు. చిన్న ఉద్యోగి పెద్ద పైలట్‌ను ప్రశ్నించడానికి జంకకుండా శిక్షణ ఏర్పాటు చేశారు. ఈ మూడింటిలో ఏదీ రేడియో యంత్రానికి చేసిన మరమ్మతు కాదు.

అర్థం వినేవాని వైపు కూడా తయారవుతుందన్న మాట మనకు క్రొత్తది కాదు. మన ఆలంకారికులు ఒక చిన్న వాక్యాన్ని పట్టుకొని ఈ సంగతి నిరూపించారు. పొద్దు గూకింది అని ఒకరంటే, సేనాపతికి శత్రువు మీద పడే వేళ అయిందని, పని చేసేవానికి ఇక చాలించవచ్చునని, పశుల కాపరికి మంద మళ్ళించాలని, భక్తునికి సంధ్య వార్చాలని తోస్తుంది. మమ్మటుడు కావ్యప్రకాశంలో ఈ ఉదాహరణను విస్తరించాడు. వాక్యం ఒకటే, వచ్చిన గుర్తులు ఒకటే. అర్థాలు మాత్రం ఎందరు విన్నారో అన్ని. నైయాయికులు వాక్యార్థ జ్ఞానానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలన్నారు. నిప్పుతో తడుపుతున్నాడు అన్న వాక్యంలో వ్యాకరణం తప్పు లేదు, పదాలు ప్రక్క ప్రక్కనే ఉన్నవి. యోగ్యత లేదు కనుక అర్థం కుదరదు. ఆ యోగ్యతను తేల్చేది చెప్పినవాని నోరు కాదు, లోకాన్ని ఎరిగిన వినేవాని బుద్ధి. పాశ్చాత్యులలో గ్రైస్ 1957లోనూ, 1975లోనూ ప్రచురించిన వ్యాసాలలో చెప్పినవాని ఉద్దేశాన్ని వినేవాడు గుర్తించడమే అర్థానికి మూలమని వాదించాడు. ఇంటి ఇల్లాలు "ఉప్పు అయిపోయింది" అంటే భర్త "అలాగా" అని పేపరు చదువుకొంటూ కూర్చుంటే, వాక్యం అందినట్లా అందనట్లా?

పటంలో వెనుకకు వచ్చే బాణం లేకపోవడం మరొక లోపం. ఫీడ్‌బాక్ అనే మాటను నార్బర్ట్ వీనర్ 1948లో వెలువడిన తన సైబర్నెటిక్స్ గ్రంథంతో ప్రసిద్ధం చేశాడు. దానిని మనం ప్రతిస్పందన అంటున్నాము; అది సరిపోదు. శ్రోత ఆవులిస్తే అది ప్రతిస్పందన. ఆ ఆవులింతను చూసి వక్త తన ధోరణి మార్చుకొంటే అప్పుడది ఫీడ్‌బాక్. ఆవిరి యంత్రంలో వేగం పెరిగితే గవర్నరు గుండ్లు పైకి లేచి ఆవిరిని తగ్గించే పద్ధతి అదే. తెలుగువారికి దీనికి దగ్గర అయిన అలవాటు ఒకటి ఉన్నది: ఊఁ కొట్టడం. అమ్మమ్మ కథ చెబుతూ ఉంటే పిల్లలు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిపోయిందంటే నిద్రపోయారని కథ ఆపుతుంది. ఆ ఊఁలో అక్షరం ఒకటే. మార్గం తెరిచే ఉన్నదని అది చెబుతుంది. రోమన్ యాకొబ్సన్ 1960లో ప్రకటించిన ఆరు అంశాల పట్టికలో ఈ పనికి ప్రత్యేక స్థానమున్నది. ఎదురుపడగానే "భోంచేశారా?" అని అడగడం కూడా ఈ కోవలోనిదే, ఏ కూర తిన్నామో చెప్పమని కాదు గదా! బుర్రకథలో వంతలు నడుమ నడుమ కథకుని ప్రశ్నించడం ఈ ఊఁకు పెరిగిన రూపం. కూర్చున్న ప్రేక్షకులకు రాబోయే అనుమానాన్ని వంత ముందే అడిగేస్తాడు.

వెనుకకు వచ్చే దారి విలువ ఎంతో రేడియో విషయంలో మన దేశంలోనే తేలింది. 1956లో ఆకాశవాణి, యునెస్కో కలిసి పూనా చుట్టుప్రక్కల జిల్లాల గ్రామాలలో రైతు వేదికలు ఏర్పాటు చేశాయి. కొందరు రైతులు గుంపుగా కూర్చుని వ్యవసాయ కార్యక్రమం విని, విన్నదానిని చర్చించి, తమ ప్రశ్నలను స్టేషనుకు వ్రాసి పంపేవారు. పాల్ న్యూరాత్ ఆధ్వర్యాన వీటిని, రేడియో మాత్రమే ఉన్న గ్రామాలతోనూ, అది కూడా లేని గ్రామాలతోనూ పోల్చి చూశారు. చర్చ జరిగిన గ్రామాలలో విషయజ్ఞానం ఎంతో ఎక్కువగా పెరిగింది. వచ్చిన ప్రసారం ఒకటే, మార్గమూ ఒకటే, తేడా చర్చ. 1975 ఆగస్టు నుండి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజను కార్యక్రమాలు అందినప్పుడు మన తెలుగు పల్లెలు కూడా వాటిలో ఉన్నవి. బొమ్మ ఆకాశం నుండి దిగింది. పల్లె నుండి ప్రశ్న అదే దారిన పైకి పోయే ఏర్పాటు లేదు.

ఇదంతా తెలిసి కూడా మనం గొట్టం ఊహను ఎందుకు విడువలేకపోతున్నాము? భాషలోనే అది పాతుకొని ఉన్నది. ఇంగ్లీషులో భావాలను మూటలవలె అందించే మాటలు ఎన్ని ఉన్నవో మైకేల్ రెడ్డి అనే పండితుడు 1979లో ఒక వ్యాసంలో ప్రోగుచేసి చూపాడు. మనకూ తక్కువ లేవు. "చెవిన వేశాను", "తలకెక్కలేదు", "నూరిపోశాడు" అంటాము. నూరిపోయడంలోనైతే పిల్లవాని నోరు తెరిచి కషాయం పోసే దృశ్యమే కనబడుతుంది. భావప్రసారం అనే పారిభాషిక పదం ఈ ఊహకు శాస్త్రమర్యాద కల్పిస్తున్నది. ప్రసారం రేడియో స్టేషను చేసేది. ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం ఉమ్మడి. ఉమ్మడి చేసుకోవడం ఒక్కరి వలన కాదు. అందువలన మనుషుల విషయంలో భావ వినిమయం అనడమే మేలని నా అభిప్రాయం. యంత్రాల విషయంలో ప్రసారం ఉండనే ఉన్నది. మాట మారిస్తే బుద్ధి మారుతుందా అని అడగవచ్చు. మారదు, కాని తప్పుడు మాట ఉన్నంత కాలం మార్చవలసినది ఏదో కనబడదు.

మన తరగతి గదులలో నష్టం జరుగుతున్నది ఇక్కడే. పటం ప్రకారం, ఉపాధ్యాయుడు చెప్పినది విద్యార్థి చెప్పినట్లే తిరిగి వ్రాస్తే వినిమయం పూర్ణంగా సాగింది. పంపిన గుర్తులు, వచ్చిన గుర్తులు సరిపోయినవి గదా. మన పరీక్షలు ఎక్కువగా ఈ లెక్కనే చూస్తాయి. అనగా మార్గం శుభ్రంగా ఉన్నదా అని పరీక్షించి, అర్థమైందని ధ్రువపత్రం ఇస్తున్నాము.

ఒకసారి డిగ్రీ మొదటి సంవత్సరం వారికి పని అనే అంశం చెప్పి, చిన్న పరీక్ష పెట్టాను. బలాన్ని, ఆ బలం దిశలో జరిగిన స్థానభ్రంశంతో గుణిస్తే పని వస్తుందని దాదాపు అందరూ తప్పు లేకుండా వ్రాశారు. రైల్వే కూలి నెత్తిన మూట పెట్టుకొని కదలకుండా నిలబడితే మూట మీద అతడు చేసే పని సున్న అని కూడా వ్రాశారు. నాకు సంతోషమైంది. కాగితాలు తిరిగి ఇచ్చిన రోజున వెనుక బల్ల మీది కుర్రవాడు లేచి, "అయితే సార్, కూలివాడికి అలుపు ఎందుకు వస్తుంది? మనం డబ్బు దేనికి ఇస్తున్నాం?" అని అడిగాడు. తరగతి నవ్వింది. ఆ నవ్విన వారిలో నలుగురిని లేపి జవాబు చెప్పమన్నాను, ఎవరూ చెప్పలేకపోయారు. సున్న అని వ్రాసిన చేతులే అవి. వాళ్ళకు పని అంటే చెమట; నాకు పని అంటే ఒక లబ్ధం. రెండు వారాలుగా నేను ఒక మాటను పంపుతూ ఉంటే వారు మరొక మాటను అందుకొంటూ వచ్చారు. వర్ణక్రమం ఒకటే కావడం వలన ఎవరికీ తెలియలేదు.

ఇక కండరం సంగతి ఎత్తుకోవలసి వచ్చింది. బల్ల మీద మూట పెడితే బల్లకు ఖర్చు లేదు. కాని కండరం బల్ల వంటిది కాదు. బిగిసి నిలిచిన కండరంలో లోపలి తంతువులు క్షణక్షణం పట్టి, విడిచి, మళ్ళీ పట్టుకొంటూ ఉంటాయి. అందుకు శక్తి ఖర్చవుతుంది, అది వేడిగా మారిపోతుంది. మూట మీద జరిగిన పని సున్న, ఒంటిలో ఖర్చయిన శక్తి సున్న కాదు. అది చెప్పగానే మరొక అబ్బాయి, శక్తికీ బలానికీ తేడా మొదట చెప్పండి సార్ అన్నాడు. గంట కొట్టేసరికి నల్లబల్ల నిండా రైల్వే కూలి బొమ్మలే. ఆ రోజు చెప్పవలసిన పాఠం మరునాటికి వాయిదా పడింది.